సారయ్య పార్టీ

బావి దగ్గర వెంకట్రాజం మొదటి చెంబు నెత్తిన గుమ్మరించుకున్నాడో లేదో, పై గదిలోంచి మోత మొదలైంది. సన్నటి ఈలలా లేచి, తోక తొక్కిన పిల్లిలా అరిచి, అక్కడే కాసేపు వేలాడి, చివరికి బండ గొంతుతో కిందికి దిగింది. రెండో చెంబు ఆయన చేతిలోనే ఆగిపోయింది.

"ఏందే ఆ మోత? పొద్దుగాల పొద్దుగాల పైన ఎవన్నన్న కోస్తాండ్లా?"

వంటింట్లో చాయ్ వడబోస్తున్న కళావతి తలెత్తకుండానే, "కాలేజీ పనట. రీసెర్చి" అంది.

ఆ మాట చెవిన పడితే చాలు, వెంకట్రాజం మంత్రం వేసినట్టు చల్లబడతాడు. వరంగల్లు మట్టెవాడలో ఆయనది గిన్నెల దుకాణం. ఇత్తడి బిందె బేరం చేయడానికి వచ్చినవాళ్ళు కూడా, ఆయన కొడుకు సారంగపాణి ఫిజిక్సులో పీహెచ్‌డీ చేస్తున్న సంగతి వినకుండా మెట్లు దిగలేరు. "డాక్టర్ అయితాండు. సూదులేసే డాక్టర్ కాదు, ఇంకా పెద్దది" అని చెప్తాడు. అంతకన్నా వివరం ఆయనకూ తెలియదు, వినేవాళ్ళకూ అక్కర్లేదు.

పైన మోగుతున్నది మాత్రం రీసెర్చి కాదు. సారంగపాణి ఒక చెక్కపెట్టెలో వైర్లు, చిప్పులు కూర్చి, పాత హార్మోనియం మెట్లు బిగించి, కరెంటుతో పలికే వాద్యం ఒకటి తయారు చేసుకున్నాడు. అది వేణువులా పలకగలదు, వీణలా పలకగలదు, ఎవరూ ఎక్కడా వినని గొంతుతో కూడా పలకగలదు. దాన్ని భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకు, గణపతి పందిళ్ళకు సారయ్య ఆర్కెస్ట్రాతో వెళ్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పెట్టె కోసమే సారయ్యను పిలుస్తున్నారు.

ఈ సంగతి తండ్రికి తెలియదు. తెలిస్తే, షావుకారు కొడుకు పెండ్లిళ్ళలో బాజా వాయిస్తాడా అని ఇల్లు పీకి పందిరి వేస్తాడు. కాలేజీలో ప్రొఫెసరు రాజేశ్వర్ రావుకీ తెలియదు. స్కాలర్‌షిప్ తీసుకునేవాడు బయట సంపాదించకూడదని ఆయన పట్టుదల. సారయ్యకేమో రీసెర్చి సంగతి తెలియదు. చదువుకున్నవాళ్ళు మధ్యలో వదిలేసి పోతారని ఆయన భయం. అందుకని అక్కడ సారంగపాణి కాస్తా పాణి అయ్యాడు, జనగామ నుంచి వచ్చిన రేడియో మెకానిక్ అయ్యాడు. మొత్తం కథ తెలిసింది కళావతి ఒక్కదానికే.

చాయ్ తాగడానికి కిందికి వచ్చిన కొడుకు ఆమె చెవిలో అన్నాడు. "అమ్మా, ఇయ్యాల మరిపెడ దిక్కు పెండ్లి ప్రోగ్రాం. రేపు పొద్దుగాల వస్త. రావు సారుకు నీకు జరమని చెప్పిన."

"మల్ల నాకేనా? పోయిన నెల కాలు ఇరగ్గొడ్తివి. గిట్లనే చెప్పుకుంట పో, ఒకనాడు నిజంగనే పడ్త."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "రెండిట్ల ఒకటి బంద్ పెట్టరాదురా? నాకు భయమైతాంది. ఎవనికి ఏం చెప్పిన్నో నాకే యాదికుంట లేదు."

"పొద్దంత ల్యాబుల చెవికి వినపడని సప్పుడును కొలుస్తనమ్మా. అది నీళ్ళల్ల ఎంత జోరుగ పోతదో చూస్త. పొద్దూకినంక వినపడే సప్పుడు చేస్త. ఏది బంద్ పెట్టినా నాకు తిన్న బువ్వ వంటబట్టది. థీసిస్ అయిపోనీ, అందరికి నేనే చెప్త. ఫికర్ చెయ్యకు."

తండ్రి దుకాణానికి వెళ్ళాక, పెట్టెను పాత చద్దరులో చుట్టుకుని వాడు కూడా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. చేతులు మడిచిన చొక్కా, హవాయి చెప్పులు, చంకలో చిన్న ట్రాన్సిస్టర్. "అమ్మా, ఇక్కడ పాణి అని రేడియోలు మంచిగ చేస్తడటగ?" అని అడిగాడు ఆ వచ్చినవాడు. ఎండన పడి వచ్చాడని కళావతి నీళ్ళిచ్చింది. ఇచ్చి అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

కానీ కొడుకు గొప్ప చెప్పుకోవాలని ఎంతకాలంగానో ఆమె నోరు దురద పెడుతోంది. మొగుడికి చెప్పే వీల్లేదు, వాడకట్టుకు చెప్పే వీల్లేదు. దారిన పోయేవాడు, మళ్ళీ కనిపించడు, చెప్తే ఏం పోయింది అనుకుంది.

"రేడియోలేంది నాయినా! మావోడు మిషిన్‌నే తయారు చేసిండు. వైర్లు, బ్యాటరీలు అన్ని తనే తెచ్చుకుంటడు. పార్టీల ఉన్నడు. ఊరూరికి ప్రోగ్రాంలకు పోతాండు."

ఆ మనిషి నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. "పార్టీల ఉన్నడా? ఎన్నొద్దులాయె?"

"రెండేండ్లు దాటింది. సారయ్య పార్టీ. ఆడ పాణి అంటరు, ఇంట్ల సారంగపాణి. కాలేజీల సదువుతాండని పార్టీల తెల్వది, పార్టీల ఉన్నడని కాలేజీల తెల్వది. మా ఆయనకైతే అసలే తెల్వది, నువ్వు అనకు."

"నేనెందుకంటనమ్మా" అని గ్లాసు జాగ్రత్తగా గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. బాగు చేయించుకోవడానికి తెచ్చిన ట్రాన్సిస్టర్ గురించి మళ్ళీ మాటే ఎత్తలేదు. కళావతికి అదీ తట్టలేదు. చాలా రోజులకు కడుపు నిండా మాట్లాడిన తృప్తితో లోపలికి వచ్చి కునుకు తీసింది.

బ్యాండువాళ్ళు తమ మేళాన్ని పార్టీ అనడం వరంగల్లులో మామూలే. ఫలానా బ్యాండు పార్టీ, ఫలానా డప్పుల పార్టీ అంటారు. కొడుకు నోట రోజూ వినీ వినీ కళావతికి అదే అలవాటైంది. కానీ ఆ ఏళ్ళలో ఆ ఊళ్ళో పార్టీలో ఉన్నాడు అంటే ఇంకో అర్థం ఉంది. తుపాకీ పట్టి అడవిలోకి పోయినవాళ్ళను అలా అంటారు, అదీ గొంతు తగ్గించి అంటారు. అలా అన్నవాళ్ళ ఇళ్ళకు జీపులు వస్తాయి. ఈ సంగతి కళావతికి తెలియక కాదు. ఆ క్షణాన గుర్తు రాలేదు, అంతే.

మర్నాడు తెల్లవారింది, కొడుకు రాలేదు. మొదటి బస్సు వచ్చే వేళ దాటింది. "కాలేజీలనే పండుకున్నడా ఏంది?" అని వెంకట్రాజం దుకాణం తాళాలు వెతుక్కుంటుండగా వీధిలో జీపు ఆగింది.

బూట్ల చప్పుడుతో మనుషులు లోపలికి వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. తిన్నగా పై గదికి ఎక్కారు. వైర్ల చుట్టలు, బ్యాటరీలు, అతుకులు వేసే కడ్డీ ఒక్కొక్కటే కిందికి వచ్చాయి. వెంకట్రాజం చేతులు జోడించి వాళ్ళ వెనకే మెట్లెక్కాడు, వాళ్ళ వెనకే దిగాడు. "అయ్యి కాలేజీవి సార్. మావోడు రీసెర్చి చేస్తాండు, అడుగుండ్రి ఎవలనన్న" అంటున్నాడు.

"పాణి నీ కొడుకేనా?" అన్నాడు ముందున్నవాడు.

"పాణి ఎవలు సార్? మావోడు సారంగపాణి."

"వైర్ల పెట్టెతోని ఊర్లు తిరుగుతాండని ముందే కన్నేసినం. పొద్దున బస్సులో పట్టుకున్నం. ఊరికి పాణి, నీకు సారంగపాణి. మంచిగనే పెంచినవ్."

వాళ్ళ వెనక గడప దగ్గర నిలబడ్డ మనిషిని కళావతి అప్పుడు చూసింది. ఇవాళ హవాయి చెప్పుల బదులు బూట్లున్నాయి, చంకలో ట్రాన్సిస్టర్ లేదు. నిన్న తన చేత్తో నీళ్ళు తాగిన మనిషి. తాను నిన్న అన్న ప్రతి మాటా వరసగా చెవుల్లో మోగింది. పార్టీ అంది. రెండు పేర్లంది. ఎవరికీ తెలియదంది. కన్నకొడుకును తన నోటితో తానే పట్టిచ్చింది.

జీపు వెళ్ళిపోయింది. ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అలా తీసుకుపోయినవాళ్ళలో తిరిగి రానివాళ్ళ పేర్లు ఆ వీధిలో అందరికీ తెలుసు. కళావతి మొగుడి కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పింది. పెట్టె, పెండ్లిళ్ళు, సారయ్య, జ్వరాలు, నిన్నటి మనిషి, ఏదీ దాచలేదు.

వెంకట్రాజం అరుస్తాడనుకుంది. కొడతాడనుకుంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"దినాం పొద్దుగాల నేను అడిగేది, నువ్వు రీసెర్చి అనేది. ఇద్దరు కలిసి నన్ను పిచ్చోన్ని చేసిండ్లు" అన్నాడు చివరికి.

"నువ్వు వద్దంటవని..."

"అంటుంటి. రెండు రోజులు బువ్వ తినకపోతుంటి. మూడో రోజు తింటుంటి. దానికి గింత దాచాల్నా?" ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. "లే. ఆ సారు దగ్గరికి పోదాం. పెద్దాయన చెప్తె వింటరు."

హనుమకొండకు రిక్షాలో వెళ్తుంటే దారంతా ఆయన ఒకటే మాట. "ఇగో, బాజాల సంగతి ఎత్తకు. మావోడు కాలేజీ పిలగాడు, ఆ పాణి ఎవడో మాకు తెల్వదు అందాం. పరువుకు పరువు, పానానికి పానం."

కళావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

రాజేశ్వర్ రావు వరండాలోనే ఉన్నాడు. ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది. "పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. అడిగిందానికి ఉన్నదే చెప్పాను. వాళ్ళమ్మకు జ్వరమని సెలవు తీసుకున్నాడు, సంగీతం గింగీతం వాడికి రాదు, ఊళ్ళు తిరిగే అవసరం లేదు అన్నాను. తప్పు చెప్పానా?" అని కళావతిని తేరిపార చూశాడు. "మీకు జ్వరం తగ్గిందా అమ్మా?"

"నాకు జరం లేదు సార్" అంది కళావతి. "ఎన్నడు లేదు. కాలు గూడ ఇరగలేదు."

వెంకట్రాజం ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆమె విడిపించుకుంది. ఏడుస్తూనే అంతా చెప్పేసింది. వింటున్నకొద్దీ ప్రొఫెసరు ముఖంలో భయం పోయి కోపం వచ్చింది. కోపం పోయి మళ్ళీ భయమే వచ్చింది.

"అంటే నా మాట వాడి మెడకు ఉరైంది. నేను రాదన్న పనే వాడు చేస్తూ దొరికాడు" అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. "నేనొస్తే నా పేరు కూడా రాసుకుంటారు. మొన్నే కాలేజీలో ఇద్దరు లెక్చరర్లను ప్రశ్నలడిగి వెళ్ళారు. మీకు అర్థమవుతోందా?"

"అయితాంది సార్. నాకు గూడ భయమే. కానీ మీరు ఒక సగం, ఆ సారయ్య ఒక సగం చెప్తె పిల్లగాడు నడుమ పోతడు సార్."

ఆయన వెనుదిరిగి లోపలికి వెళ్ళాడు. ఇక రాడని వాళ్ళిద్దరూ మెట్లు దిగబోతుంటే చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. "పదండి. కోపం తర్వాత తీర్చుకుంటాను."

స్టేషన్ వరండాలో సారయ్య, డప్పులవాళ్ళు, పాటలు పాడే అమ్మాయి వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. రాత్రి పెళ్ళిలో వేసుకున్న జిగేలుమనే ఎర్రకోట్లు ఇంకా ఒంటిమీదే ఉన్నాయి. ఏడుస్తూ వచ్చిన కళావతిని చూసి, పాణి తల్లేనని పోల్చుకుని సారయ్య చేతులు జోడించాడు. "అక్కా, వాడు నాకు ఏం చెప్పిండో అదే చెప్పిన. జనగామ పిల్లగాడు, మెకానిక్, సదువు లేదు అన్న. వీళ్ళేమో కాలేజీ కాయితం చూపెడ్తాండ్లు. నాకేం తెల్వదక్కా."

లోపల బల్ల మీద పెట్టె ఉంది. మూత ఊడదీసి ఉంది. వైర్లు పేగుల్లా బయటికి వేలాడుతున్నాయి. దాని పక్కన గోడకు ఆనుకుని ఎర్రకోటులో సారంగపాణి నిలబడి ఉన్నాడు. తల్లిదండ్రులను చూడగానే తల దించుకున్నాడు. దెబ్బలేమైనా ఉన్నాయా అని కళావతి కళ్ళతోనే ఒళ్ళంతా తడిమింది. ఏమీ కనిపించలేదు.

"మోగియ్యమంటె మోగుత లేదు" అన్నాడు అధికారి పెట్టెను చూపిస్తూ. "పాటల పెట్టె అంటాండు. ఒక్క సప్పుడు రాదు. అడవికి కబుర్లు పంపే వైర్‌లెస్ గాదా ఇది?"

"తీగెలు తెంపిండ్లు సార్" అన్నాడు సారంగపాణి. ఎవరూ పట్టించుకోలేదు.

అధికారి వెంకట్రాజం వైపు తిరిగాడు. కోపంగా కూడా లేడు. అదే ఎక్కువ భయం వేసింది కళావతికి. "పెద్దాయనా, మట్టెవాడల నీకు మంచి పేరుంది, అడిగినం. అందుకే మర్యాదగ అడుగుతాన. ఒక్క మనిషికి రెండు పేర్లు. రెండు పనులు. ఒక దిక్కోళ్ళకు రెండో దిక్కు తెల్వది. ఇట్ల ఎవరు బతుకుతరో నీకు తెల్వదా? ఇంట్ల ఉండేది సారంగపాణి. మాకు దొరికింది పాణి. ఈ ఇద్దర్ల నీ కొడుకు ఎవడు?"

సంగతి విని, వెంకట్రాజానికి ధైర్యానికని బజారు నుంచి నేరుగా స్టేషన్‌కు వచ్చిన ఇద్దరు షావుకార్లు గుమ్మం దగ్గరే ఉన్నారు. వాళ్ళకు ఆయన కొడుకు పెద్ద డాక్టరు. ఆయన వాళ్ళను చూశాడు. కొడుకు ఒంటిమీది ఎర్రకోటును చూశాడు. పెండ్లి బాజాల వాళ్ళు తప్ప ఎవరూ వేసుకోని కోటు. రిక్షాలో అన్న మాట ఇప్పుడు అంటాడేమోనని కళావతి ఆయన నోటి వైపే చూసింది. ఆ పాణి ఎవడో మాకు తెల్వదు. ఆ ఒక్క మాట అంటే వాడు ఈ గదిలోంచి బయటికి రాడు.

"ఇద్దరు మావోడే సార్" అన్నాడు వెంకట్రాజం.

"ఏంది?"

"పొద్దుగాల కాలేజీకి పోయేది మావోడే. పొద్దూకినంక పెండ్లిళ్ళల్ల బాజా వాయించేది మావోడే. సారయ్య పార్టీ అంటే ఇగో, వరండాల కూసున్నది గదే పార్టీ. నేను తిడ్తనని వాడు దాచిండు. నా భయానికి దాచిండు గని మీ భయానికి కాదు." గుమ్మం దగ్గరి షావుకార్లలో ఒకాయన దగ్గాడు. వెంకట్రాజం వెనక్కి చూడలేదు.

"పార్టీ అని అన్నది నేను సార్" అంది కళావతి. "బ్యాండు పార్టీ అనబోయి పార్టీ అన్న. మీ మనిషిని అడుగుండ్రి, సారయ్య పార్టీ అన్ననా లేదా."

అధికారి, మూలన నిలబడ్డ ఆ ట్రాన్సిస్టర్ మనిషి వైపు చూశాడు. అన్నదన్నట్టు అతను తలాడించాడు.

అప్పుడు రాజేశ్వర్ రావు కళ్ళజోడు సర్దుకుని పెట్టె మీదికి వంగాడు. వేలితో ఒక్కొక్కటే కదిలించి చూశాడు. కోపం తర్వాత తీర్చుకుంటానన్న మనిషి ఆ సంగతి మరిచిపోయినట్టున్నాడు. "ఇది శబ్దం పుట్టించే సర్క్యూటు. ఇది స్పీకరు. దీనికి ఏరియల్ లేదు, గది దాటి ఒక్క మాట పంపలేదు. దీన్ని వైర్‌లెస్ అంటే నా ఉద్యోగం వదులుకుంటాను" అన్నాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగి, "ల్యాబులో నాకు శ్రుతి నిలకడగా రావడానికి నెలలు పట్టింది. నీకు ఇక్కడ వచ్చింది. నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు. అడిగిన తీరులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

"స్కాలర్‌షిప్ పోతదని సార్."

"వారం రోజులు నా ముందు నిలబడి క్షమాపణ చెప్పు. ఆ తర్వాత ఆలోచిస్తాను." ఆయన అధికారి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి. వీడికి నేను పూచీ. రెండు పేర్లకూ."

సారయ్యను పిలిచారు. ఒకరి మాట ఒకరి ముందు మళ్ళీ చెప్పించారు. రెండు సగాలు ఎదురుబొదురుగా నిలబడేసరికి చిక్కుముడి దానంతటదే విడిపోయింది. అయినా సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అంతసేపూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా కళావతి లేచి నిలబడేది. చివరికి అధికారి పెట్టె మూత వేసి ఇటు తోశాడు. "పెద్దమ్మా, ఇంకోసారి ఎవరన్న అడిగితె బ్యాండు అను. పార్టీ అనకు" అన్నాడు.

ఆమె తలూపింది.

వరండా మెట్ల దగ్గర సారంగపాణి తండ్రి ముందు నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు ఇప్పుడు వచ్చింది వాడికి. కోటు గుండీలు విప్పుకుంటూ, "ఇగ వాయించ బాపూ. నీ పానం మీద ఒట్టు. ఈ కోటు సారయ్య అన్నకు ఇచ్చేస్త. పెట్టె గూడ ఈన్నే ఇడిచిపెడ్త. కాలేజీ ఒక్కటే. మీకు గింత భయం పెట్టుకుంట నాకెందుకా పాటలు?" అన్నాడు.

కళావతికి ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. వద్దు, ఇక ఏదీ వద్దు, ఇంట్లో కళ్ళ ముందు ఉంటే చాలు అనుకుంది. మొగుడు ఔననాలని మనసులోనే దండం పెట్టుకుంది.

వెంకట్రాజం కొడుకు చేతిలోంచి కోటు అంచు అందుకుని, విప్పిన గుండీలను మళ్ళీ ఒక్కొక్కటిగా పెట్టడం మొదలుపెట్టాడు. ఒక గుండీ ఎంతకీ దూరలేదు. సారయ్య, రావు సారు, బజారు షావుకార్లు అందరూ చూస్తుండగానే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"గింత మంది ముంగట ఇద్దరు మావోడే అని చెప్పొచ్చిన కొడుకా" అన్నాడు. "ఇప్పుడు ఒక్కన్నే ఇంటికి ఎట్ల తీస్కపోత?"